ఆ కన్ను నాదే

నవంబర్ 3, సోమవారం

ఆఫీసులో ఉండగా ఓస్టెండ్ నుంచి ఫోను. కళ్లజోళ్ల షాపట. "మేడమ్ హేడ్‌విగ్? మీ కళ్లజోడు తయారైంది, వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు ఎవరో పెద్దాయన. నేను అక్కడ కళ్లజోడేమీ చేయించుకోలేదన్నాను. ఆయన నా పుట్టినతేదీ చదివాడు. సరిగ్గానే ఉంది. "రాంగ్ నంబరు" అని పెట్టేశాను. పుట్టినతేదీ కూడా సరిపోయాక రాంగ్ నంబరెలా అవుతుందో నాకే తెలియదు.

మొన్న శనివారం సమాధుల పండగ. యోస్ట్ బావా నేనూ చేమంతి కుండీలు పట్టుకెళ్లాం. అక్క రాయి కింద ఏమీ లేదు, గోదెలీవ అన్న పేరొక్కటే పైన. ఎనిమిదేళ్ల కింద ఓస్టెండ్ సముద్రపుటొడ్డు ఇసుకలో దాని కోటూ బూట్లూ బ్యాగూ దొరికాయి. అది దొరకలేదు. కిందటేడు బావ కోర్టుకెళ్లి చనిపోయినట్టు తీర్పు తెచ్చాడు. "ఇంకెన్నాళ్లు దాన్ని గాల్లో వేలాడదీస్తాం హేడా" అని నా ముందే ఏడ్చాడు. మొన్న ఆ రాతికి పట్టిన నాచంతా వేలిగోటితో గీకి శుభ్రం చేశాడు.

మంచివాడు.

నవంబర్ 5, బుధవారం

మా నగరపాలక ఇళ్లలో అద్దెకుండే ఒకావిడ వచ్చింది. ఆవిడ మీద పక్కింటివాళ్లు పెట్టిన ఫిర్యాదు కాపీ కావాలట. అందులో పేరు లేదు, "మూడో అంతస్తులో కుంటుతూ నడిచే ఆమె" అని ఉంది. "పేరే లేనప్పుడు అది ఆవిడ వ్యక్తిగత సమాచారం ఎలా అవుతుంది?" అంటాడు ఫిలిబర్ట్. ఇన్నేళ్లుగా నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని ఇదే వాదన.

"ఆ మెట్ల మీద కుంటే మనిషి ఇంకెవరున్నారు? వేలు పెట్టి చూపించగలిగితే చాలు, ఆ మాట ఆవిడదే. గొంతు, నడక, కన్ను, ఆవిడ గురించి ఎవడో రాసిన చెడ్డమాట, అన్నీ ఆవిడవే" అన్నాను.

"మరి ఆవిడ చచ్చిపోతే?"

"ఈ సమాచార చట్టం బతికున్నవాళ్లకే."

"అదృష్టవంతులు. నీ ఫారాలు నింపే బాధ ఉండదు" అన్నాడు. నవ్వాను. మధ్యాహ్నం ఓస్టెండ్ నంబరుకి నేనే ఫోన్ చేసి, శనివారం వస్తానని చెప్పాను.

నవంబర్ 8, శనివారం

పొరపాటని చెప్పి వచ్చేద్దామనే వెళ్లాను. ఓస్టెండ్‌లో దిగడం అక్క పోయాక ఇదే మొదటిసారి. గాలి చెంపలు వాయించేస్తోంది, ట్రాము పట్టాల మీదంతా ఇసుక. సముద్రం వైపు చూడకుండా నడిచాను.

షాపులో ఒక్కడే ఉన్నాడు, అచీల్. భారీ మనిషి, గుబురు కనుబొమలు, సగం అక్షరాలు మింగేసే ఈ తీరంవాళ్ల మాట. నన్ను చూడగానే లేచాడు. "వచ్చారా! ఎక్కడ మర్చిపోయారో అనుకున్నా." నేను నోరు తెరిచేలోపే డబ్బా తెరిచాడు. ఎర్ర ఫ్రేము.

"పెట్టుకోండి చూద్దాం... ఆ, బ్రహ్మాండం. జుట్టు కత్తిరించేసుకున్నారేం? మొన్న ఇంత జడ ఉంది."

"కత్తిరించుకున్నాను" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో తెలియదు. డబ్బు ముందే కట్టేశారన్నాడు. కళ్లజోడు బ్యాగులో వేసుకుని బయటపడ్డాను.

నవంబర్ 9, ఆదివారం

ఇందులో వింతేమీ లేదు. మా ఊరు ఘెంట్‌లో నేనెప్పుడూ వెళ్లే కళ్లజోళ్ల షాపుకి ఓస్టెండ్‌లోది ఇంకో బ్రాంచి. నా వివరాలు వాళ్ల కంప్యూటర్లో ఉన్నాయి. నా పోలికలున్న ఎవరికో నా పేరు తగిలించేశారు. అంతే.

నవంబర్ 10, సోమవారం

అంతే.

నవంబర్ 12, బుధవారం

సాయంత్రం దాన్ని పెట్టుకుని చూశాను. కుడి కంటికి కాలవ అవతల గుడి గడియారం మీది అంకెలు కూడా కనిపించాయి. నా పాత కళ్లజోడుతో ఎప్పుడూ అంత స్పష్టంగా చూడలేదు. ఎడమ కంటికి మాత్రం అంతా మసక, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు. తుడిచాను. మళ్లీ మసకే. నా ఎడమ కన్ను పాడైందేమో.

తర్వాత వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. అందులో ఉన్నది నేను కాదు.

ఎవరో రాయను.

నవంబర్ 15, శనివారం

మళ్లీ వెళ్లాను. "నా గురించి మీ దగ్గరేముందో చూపించండి. అడిగే హక్కు నాకుంది" అన్నాను.

అచీల్ గడ్డం గోక్కున్నాడు. "మీదైతే చూపిస్తా మేడమ్, ఎందుకు చూపించను. ఇంకొకళ్లదైతే మాత్రం మీకు చూపించకూడదు. మీదేగా?"

రోజూ ఆఫీసులో నేను జనానికి చెప్పే మాట అదే. ఇవాళ నన్నెవరో అడిగారు.

"నాదే."

తెర నా వైపు తిప్పాడు. కంటిపాపకీ పాపకీ మధ్య దూరం కొలవడానికి ఫ్రేము పెట్టించి ఫొటో తీస్తారు గదా, అది. తీసింది కిందటి నెలలో. నా నుదురు, నా ముక్కు, నా చెవులు. నెరిసిన జడ ముందుకి వేసుకుని ఉంది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. నేను ఫొటోల్లో అలా నవ్వను. మా ఇంట్లో అలా నవ్వింది ఒక్కతే.

అడ్రసు మాత్రం నా ఘెంట్ ఇంటిదే. కింద ఇంకేదో రాసి ఉంది. వేలు పెట్టి ఇదేమిటన్నాను. "ఎడమ కంట్లో పాత దెబ్బ మచ్చ. అందుకే ఆ కంటికి అద్దం వేరేగా చెయ్యాల్సొచ్చింది. మీరే చెప్పారు గదా, ఎప్పుడో తలుపు తగిలిందని."

"అవును. తలుపు" అన్నాను.

నవంబర్ 16, ఆదివారం

వాన.

నవంబర్ 20, గురువారం

అక్క బతికే ఉంది.

రాశాను.

నాకన్నా కొద్ది నిమిషాలు ముందు పుట్టింది, అందుకని జన్మంతా అక్కే. మమ్మల్ని విడివిడిగా గుర్తుపట్టింది అమ్మ ఒక్కతే. నా పేరు చెప్పి నా పుట్టినతేదీ చెబితే చాలు, అక్కని కాదనేవాళ్లెవరు? కంప్యూటరు తనలో ముందే ఉన్న నా నంబరు పైకి లాగకపోతే నాకీ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అది మునిగిపోయిందని మేమంతా ఏడ్చిన ఊళ్లోనే ఉంది. అక్కడ వెతికేవాడుండడు. బావ ఆ తీరం మొహం చూడలేనంటాడు.

నాకెందుకు చెప్పలేదంటే, నాకు మొహంలో ఏదీ దాగదు. నెలకో ఆదివారం యోస్ట్ వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. ఎన్నేళ్లైనా అదే ప్రశ్న, "ఫోనేమైనా వచ్చిందా హేడా, ఉత్తరంగానీ?" దాన్ని తలుచుకుని అడుగుతున్నాడనుకున్నాను.

అది పోయే ముందు క్రిస్మస్ గుర్తొస్తోంది. భోజనాల బల్ల దగ్గర నల్లద్దాలు తియ్యలేదు. "కళ్లకలక" అంది. యోస్ట్ దాని పళ్లెం దగ్గరికి లాక్కుని మాంసం ముక్కలు చిన్నచిన్నగా కోసి పెట్టాడు. "పాపం, చూపానడం లేదు దానికి" అన్నాడు. ఎంత ప్రేమ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పోలీసుల దగ్గరికి వెళ్లాలంటే ముందు అక్కని కాగితాల్లో బతికించాలి. బతికిస్తే దానికో చిరునామా వస్తుంది. ఆ చిరునామా కాగితం మొగుడి హోదాలో అతని చేతికీ వెళుతుంది.

అదేమో చచ్చిపోయి ఉన్నన్నాళ్లూ క్షేమం. చచ్చిపోయినదానికి చట్టంలో ఏమీ లేదు, దాని మొహం కూడా దానిది కాదు.

నవంబర్ 23, ఆదివారం

యోస్ట్ వచ్చాడు. ఇది అతను వచ్చే ఆదివారం కాదు. "ఇటు పనుండి వచ్చా మరదలా, కాఫీ పొయ్యవా?" అన్నాడు, చేతిలో బాదం బిస్కెట్ల పొట్లం. నేను వంటింట్లోకి వెళ్లాను. కళ్లజోడు ముందుగది బల్ల మీదే ఉందని కప్పులు తీస్తుంటే గుర్తొచ్చింది.

వచ్చేసరికి దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కుడి అద్దంలోంచి చూశాడు, ఎడమ అద్దంలోంచి చూశాడు. మళ్లీ ఎడమ అద్దంలోంచే చాలాసేపు చూశాడు.

"ఎరుపు నీకెప్పుడూ నప్పదే."

"సరదాగా తీసుకున్నా బావా."

డబ్బా తిప్పి అడుగున షాపు పేరు చదివాడు. "ఓస్టెండా? ఆ ఊరి పేరెత్తితే ఏడ్చేదానివి."

"ఆఫీసు పని మీద వెళ్లా."

"ఆహా" అన్నాడు. కాఫీ తాగలేదు, పొట్లం విప్పలేదు. కళ్లజోడు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు, నా వైపు చూస్తున్నట్టు. గుమ్మం దగ్గర కోటు గుండీలు పెట్టుకుంటూ నా మొహంలోకి చూశాడు. ఎప్పుడూ దాన్నే చదివి వెళుతున్నాడని ఇవాళ అర్థమైంది.

నవంబర్ 26, బుధవారం

పొద్దున్నే అచీల్ ఫోను. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీ బావగారట మేడమ్, వచ్చి కూర్చున్నారు. కోర్టు తీర్పు తెచ్చారు. మా దగ్గర చేయించిన ఎర్ర కళ్లజోడు చచ్చిపోయిన తన భార్యదంటున్నారు. చచ్చిపోయినావిడదైతే ఏ చట్టమూ అడ్డురాదు, ఆ ఫైలూ అడ్రసూ చూపించమంటున్నారు. నాకీ చట్టాల గొడవ తెలీదు. ఇది ఎవరి ఫైలమ్మా?"

"నాది. నేనొచ్చేదాకా ఎవరికీ చూపించకండి."

కళ్లజోడు బ్యాగులో వేసుకుని పరుగెత్తాను. రైల్లో కూర్చోలేకపోయాను. చచ్చిపోయినవాళ్లకి రహస్యాలుండవని యోస్ట్‌కి చెప్పింది నేనే, ఏదో ఆదివారం, ఆఫీసు కబుర్లలో. అతను శ్రద్ధగా వింటుంటే సంబరపడి ఇంకాస్త చెప్పాను.

యోస్ట్ ఫ్రేముల అరల కింద కుర్చీలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, ఎప్పటిలాగే రెండు బుగ్గలకీ బుగ్గ ఆనించాడు. "ఏదో ఆశ హేడా. అది బతికుంటే నాకన్నా సంతోషించేవాడెవడు చెప్పు."

"ఆ ఫైలు నాది."

"నీదైతే నాకు చూపిస్తే ఏం పోయింది?"

"నాది కాబట్టే చూపించను."

నవ్వి అచీల్ వైపు తిరిగాడు. "చూశారా, మా మరదలు చదువుకున్న మనిషి. దీని మాటెలా నమ్ముతారు? ఇద్దరిదీ ఒకే మొహం. ఫైలు దీనిదేనని మీకెలా తెలుస్తుంది?"

అచీల్ తడబడ్డాడు. "కన్ను చూస్తే తెలిసిపోతుంది సార్. కంట్లో ఒక మచ్చ ఉన్నట్టు రాసుకున్నాను."

"అయితే చూడండి. ఇప్పుడే. ఎడమ కన్ను చూడండి."

ఏ కన్నో అంతవరకూ ఎవరూ అనలేదు.

అచీల్ చెయ్యి కళ్లు చూసే మిషను స్విచ్చి మీద ఆగిపోయింది. యోస్ట్‌ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మెల్లగా "కూర్చోండి మేడమ్" అన్నాడు.

కూర్చుని గడ్డం ఆనించాను. సన్నటి వెలుగు గీత ఎడమ కంట్లోకి వచ్చింది. నా ఎడమ కంట్లో ఏ మచ్చా లేదు. పుట్టినప్పటి నుంచీ ఈ కంటికి దుమ్ము తప్ప ఏదీ తగల్లేదు. అచీల్ ఊపిరి నాకు వినిపిస్తోంది. బయట గాలికి షాపు బోర్డు కొట్టుకుంటోంది. వెలుగు పైకెళ్లింది, కిందకొచ్చింది, మళ్లీ పైకెళ్లింది. ఇంకా చూస్తున్నాడు. నా వెనకాల యోస్ట్ కదలకుండా నిలబడ్డాడు. లేచి పారిపోదామనిపించింది. పారిపోతే ఒప్పుకున్నట్టే.

"ఆ, ఉంది" అన్నాడు అచీల్. "కిందివైపు, పాత మచ్చ. నేను రాసుకున్నదే. ఈ ఫైలు ఈవిడదే సార్."

"నన్ను చూడనివ్వండి."

"కన్ను మేడమ్‌ది. ఆవిడ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?"

"ఒప్పుకోను" అన్నాను.

యోస్ట్ దగ్గరికొచ్చాడు. కన్నీళ్లు తుడిచేవాడిలా బొటనవేలు నా ఎడమ కంటి కింద పెట్టాడు. మెత్తగా ఉంది వేలు. "నీ కంట్లో ఏ మచ్చా లేదు హేడా" అన్నాడు, పసిపిల్లకి చెప్పినట్టు.

"ఎవరి కంటికి ఉంది? నీకెలా తెలుసు?"

వేలు అక్కడే ఉంది. అతని మొహం ఇన్నేళ్లలో మొదటిసారి నేను చదివాను. అచీల్ లేచి నిలబడ్డాడు. ఆయన అంత పొడుగని అప్పటిదాకా గమనించలేదు.

"ఆదివారం వస్తాను. మాట్లాడుకుందాం" అన్నాడు యోస్ట్ వేలు తీసి.

"రావద్దు. ఇంకెప్పుడూ మా ఇంటికి రావద్దు, యోస్ట్." బావా అనలేదు.

అతను వెళ్లాక అచీల్ తలుపు గడియ పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "మీరు ఆవిడ కాదు."

"కాదు. ఆవిడ మా అక్క."

"తలుపని ఆవిడ చెప్పిన రోజే అనుకున్నా. తలుపు తగిలితే అలా ఉండదు." చేతులు చూసుకున్నాడు. "ఇందాక అబద్ధం చెప్పాను. నా పనిలో కంటి గురించి అబద్ధం చెప్పడం ఇదే మొదలు."

కళ్లజోడు ఆయన బల్ల మీద పెట్టాను. "నేను మళ్లీ వస్తే నాకివ్వండి" అన్నాను. వచ్చేది జడ ఉన్న మనిషని ఆయనకి అర్థమైంది.

నవంబర్ 27, గురువారం

యోస్ట్ ఫోన్. తియ్యలేదు.

నవంబర్ 30, ఆదివారం

తాళం మార్పించాను. తలుపు దగ్గర ఎవరో చాలాసేపు నిలబడి వెళ్లిపోయారు. గంట కొట్టలేదు.

డిసెంబర్ 6, శనివారం

ఫైలు చెరిపించడానికి వెళ్లాను. ఊరంతా సెయింట్ నికొలాస్ పండగ. పిల్లల చేతుల్లో నారింజలు, పంచదార బొమ్మలు.

అక్క ఇంకా రాలేదట. "ఆ రోజు మీరంతా లోపల ఉన్నప్పుడు ఎదురు అరుగు మీద ఒకావిడ గొడుగేసుకుని నిలబడింది మేడమ్. ఆయన బయటికి రాగానే గొడుగు ముందుకి వంచుకుంది. మీరు వెళ్లాక చూస్తే లేదు. ఆవిడేనని చెప్పలేను, మొహం కనపడలేదు" అన్నాడు అచీల్.

అంటే యోస్ట్ రావడం చూసింది. నేను రావడమూ చూసింది. యోస్ట్‌ని తీసుకొచ్చింది నేనే అనుకుని ఉంటుంది. మళ్లీ ఎక్కడికో పోతుంది. ఈసారి నా పేరు కూడా ఇసుకలో వదిలేసి పోతుంది.

నాది కాబట్టి చెరిపెయ్యమని అడిగే హక్కు నాదే. సంతకం పెట్టాను. లెక్కల కోసం రసీదొక్కటి ఉంచుకుంటానన్నాడు. కన్నూ ఫొటో ఉండవు. "ఒకసారి చూసుకుంటారా?" అన్నాడు. చూశాను. ఆ పళ్లు, ఆ జడ. ఫోన్లో ఒక ఫొటో తీసుకుందామని చెయ్యి బ్యాగు దాకా వెళ్లింది. నా ఫోను యోస్ట్ ముందు బల్ల మీద పెట్టి నేను వంటింట్లో కాఫీ కలిపిన ఆదివారాలు గుర్తొచ్చాయి. తియ్యలేదు. అచీల్ మీట నొక్కాడు. తెర మీద ఎవరో కుర్రాడు కొత్త ఫ్రేములో నవ్వుతూ కనిపించాడు, షాపు ప్రకటన.

స్టేషన్‌కి ట్రాము ఎక్కి కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి కోటు పట్టి లాగారు. పెద్దావిడ, చక్రాల సంచీలోంచి ఉల్లికాడలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"హేడ్‌విగ్! పిలుస్తుంటే చెవుల్లో దూదా? అయ్యో, ఆ జుట్టేంటే తల్లీ, కోడిని పీకినట్టు!"

నా పేరే. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"మార్పు కావాలనిపించింది" అన్నాను.

"మార్పట! గొంతు నొప్పని బృందగానానికి ఎగ్గొట్టి ఇంట్లో కూర్చుని చేసిన పని ఇదా? నువ్వు లేకపోతే మన చివరి వరస పిల్లులు పోట్లాడుకున్నట్టుంది. మాస్టారు నెత్తి బాదుకుంటున్నాడు. తలుపు కొడితే తియ్యవు, వంటింట్లో దీపం మాత్రం వెలుగుతుంటుంది. ఏమైందే నీకు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

వంటింట్లో దీపం. ఊరు వదిలి పోలేదు. పాడుతోంది. చిన్నప్పుడు బాత్రూములో అది పాడుతుంటే అమ్మ తలుపు బాదేది. నాకు పాట రాదు.

"ఎవరూ ఏమీ అనలేదు. గొంతు నయమైంది. ఇంక భయం లేదట."

"హమ్మయ్య. గురువారం వస్తావుగా మరి?"

"వస్తాను. కానీ ఒక పని చేసిపెట్టు. ఇవాళే మా ఇంటికెళ్లి తలుపు కొట్టు. తియ్యకపోతే బయటినుంచే గట్టిగా చెప్పు. ట్రాములో కనిపించావు, జుట్టు కత్తిరించుకుని ఉన్నావు, ఇంక భయం లేదని నువ్వే చెప్పావు అని."

"ఎవరితో చెప్పనే?"

"నాతోనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "పిచ్చి ముదిరింది నీకు. సరేలే, దారేగా, చెప్పేసి పోతా" అంది. రెండు స్టాపుల తర్వాత సంచీ ఈడ్చుకుంటూ దిగింది. ట్రాము కదిలాక కిటికీలోంచి చెయ్యూపాను. ఆవిడ కూడా ఉల్లికాడలు పట్టుకున్న చేత్తోనే ఊపి, వీధంతా వినపడేలా నా పేరు పెట్టి అరిచి, ఎడమ పక్క సందులోకి తిరిగింది.